చెవుల్లో దూది, కళ్లకు నల్లద్దాలు

ఆ ఆదివారం పట్టాభిరామయ్య పెట్టుకున్న పనులు రెండే. పొద్దున మార్కెట్టుకు వెళ్లి కొత్తిమీర, పచ్చిమిరపకాయలు తేవడం. మధ్యాహ్నం భార్యనూ కూతుర్నీ తీసుకుని మ్యాట్నీకి వెళ్లడం. రెండింటిలో మొదటిదే ప్రమాదకరమైనదని ఆయనకు తెలుసు.

రేపల్లె నుంచి వచ్చి, శామీర్‌పేట దగ్గర ఒక మందుల కంపెనీలో స్టోర్స్ ఆఫీసరుగా పనిచేస్తూ, మేడ్చల్ శివారులోని కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్న మనిషి ఆయన. నెమ్మదస్తుడు. కూరలో ఉప్పు లేకపోయినా, కుళాయిలో నీళ్లు లేకపోయినా పల్లెత్తు మాట అనడు. ఒక్క విషయంలో మాత్రం ఆయనది ఉడుంపట్టు. చూడబోయే సినిమా గురించి ముందుగా ఒక్క ముక్క కూడా తన చెవిన పడకూడదు, కంట పడకూడదు.

దానికో కారణం ఉంది. ఇరవై ఏళ్ల కిందట రేపల్లెలో ఒక హత్య సినిమాకు వెళ్తే, టికెట్ల వరుసలో ముందు నిలబడ్డాయన వెనక్కి తిరిగి, "చంపింది డాక్టరేనండీ. కానీ చాలా బాగా తీశారు" అన్నాడు. ఆ తర్వాత మూడు గంటలూ పట్టాభిరామయ్య డాక్టరును తప్ప ఇంకెవరినీ చూడలేకపోయాడు. డాక్టరు నవ్వితే అనుమానం, మందు రాస్తే అనుమానం, పిల్లవాడి తల నిమిరితే మరీ అనుమానం. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు. అప్పటినుంచి ఇప్పటిదాకా చూసిన ప్రతి సినిమానూ, తెర మీద పేరు పడేదాకా పేరు కూడా తెలియకుండా చూశాడు. "సినిమాను సినిమాలా చూసేవాడు ఈ మేడ్చల్ మండలంలో నేనొక్కణ్ణే" అని ఆఫీసులో గర్వంగా చెప్పుకునేవాడు.

ఒట్టు పెట్టుకున్న రోజుల్లో అది సులువుగానే సాగింది. రెండువేల ఒకటో సంవత్సరం వచ్చేసరికి మాత్రం తపస్సులా తయారైంది. పాటల క్యాసెట్లు రెండు నెలల ముందే దిగుతున్నాయి. టీవీలో అరగంటకోసారి ముక్కలు చూపిస్తున్నారు. హీరోయిన్ స్టూడియోలో కూర్చుని "ఇందులో నా క్యారెక్టర్ చాలా డిఫరెంట్‌గా ఉంటుంది" అని అందరికీ చెబుతోంది. అందుకే భార్య అమ్మాజీ పొద్దున్నే పేపరులోని సినిమా పేజీ తీసేసి మిగతాది ఆయన చేతికిచ్చేది. డిగ్రీ చదువుతున్న కూతురు లిఖిత ఏ సినిమాకు వెళ్లాలో తేల్చేది, కానీ నాన్న ఎదుట పేరెత్తకూడదు. ఆ సినిమా పేరు ఇక్కడ కూడా రాయడం లేదు. ఆ ఆదివారం పొద్దుటికి కథలోని పెద్దమనిషికే అది తెలియదు మరి.

"మార్కెట్టుకు నేను వెళ్లొస్తాలెండి. ఈ సినిమాకి ఊరంతా గోల గోలగా ఉంది" అంది అమ్మాజీ.

"ఊరికి భయపడి కొత్తిమీర మానేస్తామా?" అన్నాడు పట్టాభిరామయ్య. "దూది ఎక్కడుంది?"

రెండు చెవుల్లోనూ దూది కూరుకున్నాడు. శుక్లాల ఆపరేషను అయ్యాక అత్తగారికి ఇచ్చిన నల్లద్దాలు బీరువాలో ఉంటే అవి పెట్టుకున్నాడు. గొడుగు తీసుకున్నాడు. మే నెల ఎండ కాబట్టి గొడుగుకు ఎవరూ ఏమీ అనుకోరు. స్కూటరు మాత్రం తీయలేదు. కళ్లు మూసుకుని స్కూటరు నడపడం కష్టమని ఆయన అనుభవం.

గేటు తీయగానే ఎదురింటి ఫణిభూషణ్ ఎదురయ్యాడు. ఆయనది భీమవరం, బ్యాంకు ఉద్యోగం. చూసిన సినిమాను ఇంకొకరికి చెబితే తప్ప చూసినట్టనిపించని మనిషి.

"ఏవండీ పట్టాభి గారూ! ఇవాళ మ్యాట్నీకటగా? నేను పోయిన వారమే సిటీలో చూసేశాను. ఇంటర్వెల్ దగ్గర ఏమవుతుందో తెలుసా—"

పట్టాభిరామయ్య రెండు వేళ్లతో రెండు చెవులూ చూపించి, తల అడ్డంగా ఊపాడు.

ఫణిభూషణ్ ఆగిపోయాడు. "అయ్యో! వినపడటం లేదా?"

ఏమన్నాడో తెలియకపోయినా, సంభాషణ త్వరగా ముగుస్తుందని పట్టాభిరామయ్య నిలువుగా తల ఊపాడు.

"ఎప్పట్నుంచండీ?"

పెదవుల కదలికను బట్టి, ఎప్పటికి తిరిగొస్తావని అడుగుతున్నాడనుకున్నాడు పట్టాభిరామయ్య. పదింటికి అన్నట్టు పది వేళ్లూ చూపించాడు.

"పది రోజుల్నుంచా! డాక్టరుకు చూపించారా?"

సంచీ ఎందుకని అడుగుతున్నాడనుకుని, సంచీ ఎత్తి చూపించి, చెయ్యి గాలిలో ఊపుతూ ముందుకు సాగిపోయాడు. డాక్టర్లు కూడా చేతులెత్తేశారని ఫణిభూషణ్‌కు అర్థమైంది. ఆయన గట్టిగా "పట్టాభి గారూ!" అని ఎడమ చెవి దగ్గర ఒక్క అరుపు అరిచాడు. పట్టాభిరామయ్య ఉలిక్కిపడి, అడుగు వేగం పెంచాడు. ఎడమ చెవి కొంచెం పనిచేస్తోందని ఫణిభూషణ్ ఊరట చెందాడు. పక్కింటావిడకు చెప్పడానికి వెంటనే బయలుదేరాడు.

మార్కెట్టుకు దారి బస్ డిపో ప్రహరీ పక్కనుంచే. ఆ గోడ మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా సినిమా పోస్టర్లే. నూట ఇరవై అడుగులు నడిస్తే గోడ అయిపోతుందని పట్టాభిరామయ్యకు కచ్చితంగా తెలుసు. గోడ మొదట్లో ఆగి, కళ్లు గట్టిగా మూసుకుని, గొడుగు ముడిచి దాని మొనను గోడకు ఆనించుకుంటూ లెక్కపెట్టుకుని నడవసాగాడు. ఎనభై దాకా అంతా సవ్యంగానే ఉంది. ఎనభై ఒకటో అడుగు గాలిలో ఉండగా ఎవరో రెక్క పట్టుకుని వెనక్కి లాగారు.

"ఆగున్రి సార్, ఆగున్రి! మోరి మీద బండ తీసిన్రు. పడితే నడుము ఇరుగుతది!"

ఆ లాగిన మనిషి మల్లేశం. గౌడవెల్లిలో ఎనిమిదెకరాల మామిడితోట ఆసామిగా పేరున్నవాడు. తెల్ల చొక్కా, చేతికి వెండి కడియం, ఎవరికి కష్టమొచ్చినా ముందు తానే చెయ్యి వేసే స్వభావం. కిందటేడు ఎండాకాలంలో ఈ సినిమావాళ్లు పది రోజులు ఆయన తోటలోనే పాట తీశారు. అందుకని సినిమా మేడ్చల్‌కు వచ్చిన శుక్రవారం నుంచి దాని బరువంతా ఆయనే మోస్తున్నాడు. మైకు పెట్టిన ఆటో ఆయనదే ఏర్పాటు. డిపో గోడ మీద ఉన్న పోస్టర్లలో సగం ఆయన దగ్గరుండి అతికించినవే.

పట్టాభిరామయ్య కళ్లు తెరవలేదు. తెరిస్తే ఎదురుగా గోడ. "థాంక్సండీ" అన్నాడు, గోడ లేని వైపుకు తిరిగి. ఆ వైపు మల్లేశం లేడు.

మల్లేశానికి గుండె చెరువైపోయింది. ఆయన్ని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాడు. కూరగాయల దగ్గరకు తీసుకుపోయి కొత్తిమీర తానే ఏరి సంచీలో వేశాడు. ఇంతలో ఫణిభూషణ్ కూడా మార్కెట్టుకు వచ్చాడు. ఇద్దరూ ఒక పక్కకు నిలబడ్డారు.

"పాపం, గీ సార్‌కు కండ్లు ఎన్నడు పోయినయ్?" అన్నాడు మల్లేశం.

"కళ్లా!" అన్నాడు ఫణిభూషణ్, పట్టాభిరామయ్య నల్లద్దాల వంక చూస్తూ. "నాకు చెవుల సంగతే తెలుసండీ. పది రోజులైంది. కళ్లు కూడానా? ఎంత గుండె నిబ్బరం చూడండి, ఒక్కడే కూరగాయలకొచ్చాడు. పైగా మధ్యాహ్నం మీ సినిమాకు వెళ్తున్నారట, ఇంటిల్లిపాదీ!"

"మా సిన్మకా?" అన్నాడు మల్లేశం. వెళ్లి పట్టాభిరామయ్య ఎడమ చెవిలో నోరు పెట్టి అరిచాడు. "సార్! సిన్మకు వస్తున్రా?"

దూది దాటి లోపలికి వెళ్లినది 'సిన్మ' అన్న మాట ఒక్కటే. అంతే, పట్టాభిరామయ్యకు ప్రాణం పోయినంత పనైంది. ఇంకొక్క మాట వినిపిస్తే కథంతా బయటపడుతుంది. గబగబా తల ఊపి, చేతులు జోడించి, పచ్చిమిరపకాయల మాట మరచిపోయి ఇంటి దారి పట్టాడు.

జోడించిన ఆ చేతులు మల్లేశం మనసులో నిలిచిపోయాయి. తర్వాత థియేటరు మేనేజరు దగ్గరకు వెళ్లాడు.

మధ్యాహ్నం రెండుంబావుకు పట్టాభిరామయ్య కుటుంబం థియేటరుకు చేరింది. లోపలికి పోయే హాలులో గోడ నిండా అద్దాల పెట్టెల్లో సినిమా ఫొటోలు ఉంటాయి. అది దాటడానికి ఆ ఇంట్లో ఏళ్ల తరబడి ఒక పద్ధతి ఉంది. ఆయన కళ్లు మూసుకుంటాడు. అమ్మాజీ చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. లిఖిత ముందు నడుస్తూ, "నాన్నా, మెట్టు. ఇంకో మెట్టు. ఇప్పుడు కుడివైపు" అని చెబుతుంది. ఇవాళ నల్లద్దాలకు తోడు చెవుల్లో దూది కూడా ఉంది కాబట్టి ఆ పిల్ల మాటమాటకూ గట్టిగా అరవాల్సి వచ్చింది.

హాలులో ఉన్న జనం రెండుగా చీలి దారి ఇచ్చారు. ఒకాయన బీడీ పారేశాడు. ఒక ముసలమ్మ కళ్లొత్తుకుంది. కాలనీవాళ్లు అప్పటికే పాతికమంది దాకా వచ్చి ఉన్నారు. ఫణిభూషణ్ మాట నాలుగు వీధులూ తిరిగి రావడానికి నాలుగు గంటలు చాలు. వాళ్లంతా అమ్మాజీ వంక ఎంత జాలిగా చూశారంటే, ఆమె తన చీర ఎక్కడైనా చిరిగిందేమోనని చూసుకుంది.

ఇంతలో పట్టాభిరామయ్య చేతిలోని చెయ్యి మారింది. మెత్తటి చెయ్యి పోయి, కడియమున్న మోటు చెయ్యి వచ్చింది. టికెట్లు చింపేవాడేమో అనుకున్నాడు. మెట్లు తగిలాయి. బాల్కనీ అనుకున్నాడు. మెట్లు అయిపోయాక మెడలో బరువుగా, చల్లగా ఏదో పడింది. బంతిపూల వాసన వచ్చింది. అప్పుడు కళ్లు తెరిచాడు.

తెర ముందు అరుగు మీద ఉన్నాడు. మెడలో గజమాల. ఎదురుగా ఆరువందల మంది. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. ముందు వరుసలో ఒకడు కెమెరా మెరిపించాడు. పట్టాభిరామయ్య ఒక చెవిలోంచి దూది తీశాడు. మైకులో మల్లేశం గొంతు వినిపించింది.

"...కండ్లు కనవడయి. చెవులు ఇనవడయి. అయినా గానీ మన గౌడవెల్లి తోట ఉన్న సిన్మ అని ఇని, పెండ్లాం పిల్లలను తీస్కొని వచ్చిన్రు!"

వెనక బెంచీల్లోంచి ఒకడు లేచాడు. "అన్నా, చెవులు ఇనవడకపోతే ఎట్ల ఇన్నడు?"

మల్లేశం ఒక్క క్షణం ఆలోచించాడు. "ఇనలే. మనసుకు తెలిసింది!"

హాలు దద్దరిల్లిపోయింది.

పట్టాభిరామయ్య నోరు తెరిచాడు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే అమ్మాజీ అరుగెక్కి వచ్చి, ఆయన మోచెయ్యి పట్టుకుని, నవ్వు చెదరకుండా పళ్ల మధ్యనుంచి అంది. "ఒక్క మాట మాట్లాడారంటే ఊరుకోను. కాలనీ అంతా ఇక్కడే ఉంది. ఏడుస్తున్నారు కూడా."

ఆయన నోరు మూసుకున్నాడు.

అసలు కష్టం తర్వాత మొదలైంది. ఆయన్ని నడిమి వరుసలో మంచి సీటులో కూర్చోబెట్టి, ఎడమ పక్కన మల్లేశం కూర్చున్నాడు. ఎవరో వెనకనుంచి ఆయన గడ్డం పట్టుకుని ముఖాన్ని తెర వైపుకు సరిచేశారు. ఎవరో వేరుశనక్కాయలు ఒలిచి చేతిలో పోశారు. దీపాలారిపోయాయి. మల్లేశం ఎడమ చెవి దగ్గరకు వంగాడు.

"పరేషాన్ గాకున్రి సార్. మొత్తం నేను జెప్త. శుక్రారం సంది అన్ని ఆటలు జూసిన."

ఇరవై ఏళ్ల ఒట్టు ఇరవై నిమిషాల్లో మట్టిలో కలిసిపోయింది. మల్లేశం జరుగుతున్నది చెప్పి ఊరుకునే మనిషి కాదు, జరగబోయేది కూడా చెప్పే మనిషి. "గిప్పుడొచ్చే పెద్దాయన మంచోని లెక్క కనవడ్తడు సార్. నమ్మకున్రి. అసలు దొంగ ఆడే." "గీ పిల్ల సచ్చిపోయిందనుకుంటరు. సావది. ఆఖర్ల రైల్ దిగుతది." "ఇగ చెవులు మూస్కోన్రి, బాంబు పేల్తది. అరె, మీకు అక్కర లేదు గదా, మరిసిన." గొంతు కాస్త తగ్గిందంటే చాలు, వెనకనుంచి జనం హెచ్చరించేవాళ్లు. "జర గట్టిగ జెప్పు మల్లన్నా, సార్‌కు ఇనవడాలె!"

ఇంటర్వెల్‌లో పారిపోదామని పట్టాభిరామయ్య లేచాడు. నలుగురు లేచి ఆయన్ని మరుగుదొడ్డి దాకా నడిపించి, బయట నిలబడి, మళ్లీ తెచ్చి కూర్చోబెట్టారు.

రెండో సగం మొదలయ్యాక మల్లేశం మెల్లగా నిటారుగా కూర్చున్నాడు. చొక్కా సర్దుకున్నాడు. "ఇంకో పది నిమిషాలల్ల మా తోట వస్తది సార్" అన్నాడు. కాసేపాగి, "ఐదు నిమిషాలు" అన్నాడు. ఆ తర్వాత ఏమీ చెప్పలేదు. మొదటిసారిగా ఆయన నోరు ఆగిపోయేసరికి, నల్లద్దాల వెనక పట్టాభిరామయ్య తెర వంక కళ్లప్పగించి చూడసాగాడు. హాలంతా నిశ్శబ్దమైంది. అందరికీ తెలుసు, వచ్చేది ఏమిటో. అందరూ దాని కోసమే ఊపిరి బిగబట్టి ఉన్నారు.

తోట వచ్చింది. "అదిగో!" అని ఆరువందల గొంతులు ఒకేసారి అన్నాయి.

ఎంత పచ్చగా ఉందంటే, తెర మీదనుంచి చల్లగాలి వీచినట్టయింది. హీరోయిన్ లంగా ఎగరేసుకుంటూ చెట్ల మధ్య పరుగెడుతోంది. మల్లేశానికి ఆమె కనిపించడం లేదు.

"గామె అడ్డమొచ్చింది సార్. ఆమె ఎన్కకు బాయి ఉన్నది. గా మూలకున్నది రసాల చెట్టు. మా అమ్మ పెట్టింది. నా పెండ్లి పందిరి గా చెట్టు కిందనే ఏసిన్రు. నేను కింద పడి చెయ్యి ఇరగ్గొట్టుకున్నది గూడ దాని మీదికెళ్లే." ఆయన గొంతు తగ్గింది. "ఇప్పుడు గా చెట్లు లేవు సార్. మొన్న మాఘమాసంల కొట్టిచ్చినం. పిల్లల సదువులు, గదీ గిదీ... ప్లాట్లు జేసినం. అమ్మ గూడ లేదు. ఇగ తోట జూడాలంటే గీడికే రావాలె. గందుకే దినాం అన్ని ఆటలకు వస్తున్న."

పాట నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలూ పట్టాభిరామయ్య కన్నార్పలేదు. ఏమీ తెలియకుండా ఇది చూసి ఉంటే ఏం కనిపించేది? ఒక తోట, ఒక పాట, పరుగెత్తే పిల్ల. సీట్లోంచి లేచి టీ తాగడానికి వెళ్లేవాడేమో కూడా. నల్లద్దాల కిందనుంచి నీళ్లు చెంపల మీదికి దిగాయి. మల్లేశం అది చూసి, తన తుండుతో తుడిచాడు.

ఆట విడిచాక పట్టాభిరామయ్యకు నిద్ర పట్టనివ్వని పాపం చేసినట్టనిపించింది. అమ్మాజీ వద్దని కళ్లతో చెబుతున్నా వినకుండా, బయటి హాలులో మల్లేశాన్ని ఒక పక్కకు పిలిచాడు. నల్లద్దాలు తీశాడు. రెండో చెవిలోని దూది కూడా తీసి జేబులో పెట్టుకున్నాడు.

"మల్లేశం గారూ, మీతో ఒక్కమాట చెప్పాలి. నాకు కళ్లు కనిపిస్తాయి. చెవులు వినిపిస్తాయి. మొదట్నుంచీ బాగానే ఉన్నాయి."

మల్లేశం ఆయన ముఖంలోకి చూశాడు. "గదేంది సార్?"

"సినిమా గురించి ముందే ఏమీ తెలియకూడదని దూది పెట్టుకున్నానండీ. పోస్టర్లు చూడకూడదని కళ్లు మూసుకున్నాను. అదొక పిచ్చి నాకు. మిమ్మల్ని మోసం చేయాలని కాదు. పొద్దున మీరు చెయ్యి పట్టుకున్నప్పుడే చెప్పాల్సింది. తప్పు నాదే."

మల్లేశం ముఖం ఎర్రబడింది. చేతి కడియం రెండుసార్లు తిప్పుకున్నాడు. దండ తిరిగి అడుగుతాడేమోనని పట్టాభిరామయ్య దానిమీద చెయ్యి వేశాడు.

"అంటే..." అన్నాడు మల్లేశం చివరికి. "తోట జూసిన్రా?"

"చూశాను."

"నిజంగ జూసిన్రా?"

"బావి గట్టు మీద ఒక ఇత్తడి బిందె కూడా చూశాను. పక్కకు సొట్ట ఉంది. ఆ అమ్మాయి రెండోసారి పరుగెత్తుకొచ్చినప్పుడు కనిపిస్తుంది."

మల్లేశం ఎన్నో ఆటలు చూశాడు. చూసిన ప్రతిసారీ రసాల చెట్టు వైపే చూశాడు. బిందె సంగతి ఆయనకు తెలియదు.

"గది మా అమ్మ బిందె సార్!" అన్నాడు. తర్వాత రెండు చేతులతో పట్టాభిరామయ్యను వాటేసుకుని, పైకెత్తి, హాలంతా మారుమోగేలా అరిచాడు. "జూసిండు! సార్ జూసిండు! మా అమ్మ బిందె గూడ జూసిండు!"

హాలులో ఉన్న జనం ఒక్కసారిగా ఇటు తిరిగారు. నల్లద్దాలు లేని పట్టాభిరామయ్య కళ్లు మిటకరిస్తూ గాలిలో కనిపించాడు.

"సార్‌కు సూపొచ్చింది!" అన్నారెవరో.

"తోట జూడంగనే వచ్చింది!" అన్నారింకెవరో.

"కాదండీ! నాకు ముందునుంచే కనిపిస్తోంది!" అని పట్టాభిరామయ్య గొంతు చించుకున్నాడు.

"పాపం, సంతోషంల ఏం మాట్లాడుతున్నడో ఆయనకే తెల్వదు" అంది ముసలమ్మ. "చెవులు గూడ వచ్చినట్టున్నయ్, జవాబు జెప్తున్నడు సూడు."

ఫణిభూషణ్ బోరున ఏడ్చాడు. కాలనీ ఆడవాళ్లంతా అమ్మాజీని చుట్టుముట్టారు. "మిమ్మల్ని గుర్తుపడుతున్నారా వదినగారూ?" అని అడిగారు.

"గుర్తుపడుతున్నారు" అంది అమ్మాజీ శాంతంగా. "పచ్చిమిరపకాయలే గుర్తులేవు."

మర్నాడు జిల్లా పేజీలో గజమాలతో పట్టాభిరామయ్య ఫొటో పడింది. అమ్మాజీ ఏళ్ల తర్వాత మొదటిసారిగా సినిమా పేజీ చింపకుండా పేపరు ఇచ్చింది. మైకు ఆటో పొద్దున ఎనిమిదింటికే కాలనీలోకి వచ్చింది. "చూపు లేనివారికి చూపునిచ్చిన చిత్రం! నేడే చూడండి!" ఆఫీసుకు వెళ్తే సెక్యూరిటీవాళ్లు సెల్యూట్ కొట్టారు. శనివారం దాకా పక్కనే పనిచేసిన తోటి ఉద్యోగులు నవ్వుతూ వేళ్లు చూపించి, ఎన్ని అని అడిగారు. నిజం చెప్పబోయిన ప్రతిసారీ జనం ఆయన వినయానికి మెచ్చుకున్నారు. మల్లేశానికి మాత్రం నిజం తెలుసు. ఆయన ఎవరికీ చెప్పలేదు. "సార్ మా తోట జూసిన్రు. గంతే. గందుట్ల అబద్ధమేముంది?" అనేవాడు.

సాయంత్రానికి పట్టాభిరామయ్యకు ఓపిక నశించింది. ఈ ప్రచారం ఆపకపోతే ఎంతదూరమైనా వెళ్తానని ఇంట్లో చెప్పి, స్కూటరు తీసి, నేరుగా థియేటరుకు పోయాడు. గేటు దగ్గర కొత్త పోస్టరు అతికించి ఉంది. జిగురు ఇంకా ఆరలేదు. కింద మూలన గుండ్రటి చట్రంలో నల్లద్దాలతో, గజమాలతో ఆయన, దాని కింద పేరు. పైన హీరోయిన్ కంటే కొంచెం పెద్దగానే ఉన్నాడు. టికెట్ల వరుసలో ఉన్నవాళ్లు ఆయన్నీ, పోస్టర్నూ మార్చి మార్చి చూసి, "గాయనే, గాయనే" అనుకున్నారు. ఒకావిడ తన పిల్లాణ్ణి ఎత్తి చూపించింది.

మేనేజరు బయటికొచ్చి చేతులు జోడించాడు. "ఏమైనా తప్పుంటే చెప్పండి సార్, మార్పిస్తాం."

పట్టాభిరామయ్య ఆ పోస్టరు ముందు నిలబడి, రెండు కళ్లూ తెరుచుకుని, పై నుంచి కింద దాకా తీరిగ్గా చదివాడు. హీరో పేరు చదివాడు. సంగీతం ఎవరిదో చదివాడు. చివరకు గొంతు సవరించుకున్నాడు.

"ఇనిషియల్ వదిలేశారు" అన్నాడు. "కె. పట్టాభిరామయ్య. కింద 'స్టోర్స్ ఆఫీసర్' అని కూడా వేస్తే బాగుంటుంది."

అలాగే వేశారు. సినిమా మేడ్చల్‌లో అయిదు వారాలు ఆడింది. పక్క పేట నుంచి వచ్చిన వెంకటనర్సయ్య అనే ముసలాయన మాత్రం, మూడుసార్లు చూసినా తన కుడికంటి పొర అలాగే ఉందని మేనేజరును నిలదీశాడు.